నొక్కితే పలికే బొమ్మలు

బొమ్మ, పాట, మాట - ఈ మూడింటినీ ఒకచోట చేర్చడం మనవాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. తోలుబొమ్మలాటవాళ్ళు తెల్లటి తెర కట్టి, వెనక దీపం పెట్టి, చేత్తో రావణాసురుణ్ణి ఆడిస్తూ, నోటితో పద్యం అందుకుంటూ, కాలికింద చెక్క తొక్కి యుద్ధం చప్పుడు పుట్టిస్తూ తెల్లవార్లూ ఊరి జనాన్ని కదలకుండా కూచోబెట్టేవారు. ఆ తరువాత సినిమా వచ్చి అదే పనిని మరింత ఆర్భాటంగా చేసింది. ఇప్పుడు కంప్యూటరు తెర మీద, సెల్‌ఫోను మీద అక్షరాలు, బొమ్మలు, గొంతు, సంగీతం, కదిలే చిత్రం అన్నీ కలిపి చూపిస్తే దానికి మల్టీమీడియా అని పెద్ద పేరు పెట్టారు. పేరు కొత్తదే గాని సంగతి పాతదే.

మరి కొత్త ఏమిటి? చూసేవాడి వేలు!

హరిదాసుగారు కథ చెబుతూ సభను ఒక కంట కనిపెట్టే వుంటారు. జనం ఆవులిస్తున్నారని తోస్తే చటుక్కున ఒక పిట్టకథ అందుకుంటారు. ముందు వరసలో పెద్దాయన ఎవరైనా ఫలానా కీర్తన పాడమంటే పాడతారు. సినిమాకు ఈ దాక్షిణ్యం లేదు. మీరు నిద్రపోయినా, లేచి ఇంటికి వెళ్ళినా దాని రీళ్ళు దాని దారిన తిరుగుతూనే వుంటాయి. ఇంటరాక్టివ్ మల్టీమీడియా అన్నది సినిమా పోగొట్టిన ఈ దాక్షిణ్యాన్ని కొంతవరకు తిరిగి తెచ్చింది. మీరు అడిగితే అది పలుకుతుంది. మీరు ఆగమంటే ఆగుతుంది.

అంచేత ఈ విద్యకు మూలసూత్రం ఒక్కటే అని నా నమ్మకం. మీట నొక్కడం అంటే ప్రశ్న అడగడం. తయారుచేసేవాడి పని ఆ ప్రశ్నను ముందే ఊహించి, నిజాయితీగా, ఆలస్యం లేకుండా జవాబు చెప్పడం. మిగతా సూత్రాలన్నీ దీని పిల్లలే.

ఇది ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అంటారేమో. మీ అబ్బాయికి బడిలో ఇచ్చే ప్రాజెక్టు ఇదే. ఆస్పత్రిలో చీటీ తీసుకునే తెర, బ్యాంకులో డబ్బు తీసే యంత్రం, ప్రదర్శనశాలలో గోడకు బిగించిన పలక అన్నీ ఈ జాతివే. మనం చెయ్యకపోయినా మనచేత చేయిస్తాయి.

ముందు కాగితం

ఉదాహరణకు పోచంపల్లి చీర ఎలా తయారవుతుందో చూపించాలనుకుందాం. చాలామంది చేసే మొదటి పని, కంప్యూటరు ముందు కూచుని అందమైన అంచులూ, ఎగిరే అక్షరాలూ వెదకడం. ఇది ముగ్గు వేశాక ఇల్లు ఎక్కడ కట్టాలా అని ఆలోచించడం లాంటిది. ముందు కావలసింది కాగితం, పెన్సిలు.

కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోవాలి. చూసేది ఎవరు? వాళ్ళకు ఇప్పటికే తెలిసింది ఏమిటి? చూసి లేచాక వాళ్ళకు ఏమి తెలిసి వుండాలి? ఎనిమిదో తరగతి పిల్ల చూస్తుందనుకోండి. చీర ఆమెకు తెలుసు. నేసిన తరువాత రంగు అద్దుతారనుకుంటుంది. అసలు సంగతి ఏమిటంటే, నూలుకు ముందే లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి వున్నచోట రంగు పట్టదు. మగ్గం మీదికి వెళ్ళేసరికే బొమ్మ దారంలో దాగి వుంటుంది. ఈ ఒక్క సంగతీ ఆ పిల్ల మనసుకు పట్టించాలి. అది చెయ్యలేకపోతే ఎన్ని హంగులు పెట్టినా దండగే.

తరువాత ఒక్కొక్క తెరకు ఒక్కొక్క చిన్న గడి గీసుకుంటారు. ఏ తెరలో ఏ బొమ్మ, ఏ మాట, ఏ మీట, అది నొక్కితే ఏ గడికి దారి అన్నది బాణాలతో గుర్తు పెడతారు. సినిమావాళ్ళు దీన్ని స్టోరీబోర్డు అంటారు. గడులు గీసేటప్పుడు తప్పు కనబడితే రబ్బరుతో చెరుపుతాం. కంప్యూటరులో అంతా అమర్చాక కనబడితే వారం రోజుల పని పోతుంది.

ఏ గడి నుంచి ఏ గడికి వెళ్ళనివ్వాలి అన్నదే అసలు చిక్కు. మెట్లలాగా ఒకదాని తరువాత ఒకటి వుంచవచ్చు. చెట్టు కొమ్మల్లాగా చీలదీయవచ్చు. సాలెగూడులాగా ఎక్కడి నుంచి ఎక్కడికైనా వదిలెయ్యవచ్చు. మెట్లయితే దారి తప్పరు గాని విసుగు పుడుతుంది. సాలెగూడయితే సరదాగా వుంటుంది గాని నేనెక్కడున్నానా అని తికమక పడతారు. మన చీరకు నూలు, ముడి, రంగు, మగ్గం అని నాలుగు గుమ్మాలు పెట్టి, ఒక్కొక్క గుమ్మం లోపల మెట్లు కడితే సరిపోతుంది.

రెండు మీటల సినిమా

కొమ్మలు చీలదీయడంలో వున్న కష్టాన్ని లోకానికి మొదట చాటినవారిలో ఒకరు చెకోస్లొవేకియావారు. 1967లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ వారి మంటపంలో కినోఆటోమాట్ అనే వింత సినిమా చూపించారు. దాని సృష్టికర్త రాదుజ్ చించెరా. ప్రతి కుర్చీకి రెండు మీటలు, ఒకటి ఆకుపచ్చది, ఒకటి ఎర్రది. కథ రసపట్టులో వుండగా బొమ్మ ఆగిపోయేది. నటుడు సాక్షాత్తు వేదిక మీదికి వచ్చి, “ఇప్పుడు కథానాయకుడు ఏం చెయ్యాలంటారు?” అని సభను అడిగేవాడు. పక్కింటావిడ ఒంటికి తువ్వాలు మాత్రం చుట్టుకుని తలుపు తట్టింది. లోపలికి రానివ్వాలా, వద్దా? జనం మీట నొక్కేవారు. ఎక్కువమంది ఎటు వుంటే కథ అటు నడిచేది.

ఇలా ప్రశ్నలు తొమ్మిది. లెక్కలు వచ్చిన పిల్లవాణ్ణి అడగండి. ప్రతి ప్రశ్నకూ కథ రెండుగా చీలుతూ పోతే తొమ్మిదో ప్రశ్న దాటేసరికి 512 కథలు కావాలి! అన్ని ఎవరు తీయగలరు? చించెరా చేసిన ఉపాయం ఏమిటంటే, ఏ దారి పట్టినా కాస్త దూరం వెళ్ళాక రెండు దారులూ ఒకచోటే కలిసేవి. జనం ఎటు ఓటు వేసినా చివరకు ఇల్లు తగలబడేది. ఓట్ల మీద అది ఆయన విసిరిన వ్యంగ్యం.

కొమ్మలను మళ్ళీ కలిపే ఈ యుక్తి నేటికీ అందరూ వాడేదే. తప్పు లేదు. ఐతే వినోదానికి చెల్లింది విజ్ఞానానికీ, వ్యవహారానికీ చెల్లదు. “మీకు సమ్మతమేనా?” అని అడిగి, అవునన్నా కాదన్నా ఒకే గదిలోకి తోసే తెరలను మనం రోజూ చూస్తూనే వున్నాం. వద్దు అనే మీటను సన్నటి బూడిదరంగు అక్షరాలతో మూల దాచిపెట్టేవారూ వున్నారు. జవాబు వినే ఉద్దేశం లేనివాడు ప్రశ్న అడగకూడదు. ఇది మనుషుల మధ్య మర్యాద. తెరకూ అదే మర్యాద.

పట్టణాన్ని మింగిన పలక

1978లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంవారు మరొక అద్భుతం మొదలుపెట్టారు. కొలరాడో రాష్ట్రంలో ఆస్పెన్ అనే చిన్న కొండ పట్టణం వుంది. ఒక కారు మీద కెమేరాలు బిగించి, దాని వీధులన్నీ తిరుగుతూ పదేసి అడుగులకొక బొమ్మ తీశారు. వాటిని లేజర్ డిస్కుల మీద ఎక్కించారు. చూసేవాడు తెరను ముట్టుకుని ముందుకు పోవచ్చు, కుడికి తిరగవచ్చు, ఎడమకు తిరగవచ్చు. కొన్ని భవనాలను తాకితే లోపలి సంగతులు కనబడేవి. అదే వీధిని ఆకులు రాలే కాలంలోనూ, మంచు కురిసే కాలంలోనూ చూడవచ్చు.

ఇందులో మనం నేర్చుకోవలసింది రెండు. ఒకటి, తిరిగేవాడికి తానెక్కడున్నాడో తెలియాలి. అందుకని వాళ్ళు పట్టణం పటం కూడా దగ్గర వుంచారు. మన చీర కథలోనూ ప్రతి తెర మీదా “మీరు రంగు గదిలో వున్నారు” అని తెలిసే గుర్తు వుండాలి. వెనక్కి పోయే మీట, మొదటికి పోయే మీట ప్రతి తెరలోనూ ఒకే మూల వుండాలి. ఇంట్లో ఉప్పుడబ్బా రోజుకొక చోట పెడితే వంట ఎలా సాగుతుంది?

రెండోది ఆలస్యం. డిస్కు మీద ఒక బొమ్మ నుంచి దూరంగా వున్న మరో బొమ్మకు వెళ్ళడానికి కొంత సమయం పట్టేది. ఆ ఎడం కనబడకుండా వాళ్ళు ఒకటికి మించి యంత్రాలు వాడారు. ఒకటి చూపిస్తుండగా మరొకటి రాబోయే మలుపును వెదికి సిద్ధంగా పెట్టుకునేది. వేలు తాకాక సెకనులో పదోవంతు లోపల స్పందిస్తే, ఆ పని మనమే చేసినట్టు తోస్తుంది. ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుంది. పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది. ఈ మూడు గీతలూ ఈ రంగంలో వున్నవారికి కంఠోపాఠం. ఆలస్యం తప్పనిసరి అయితే, “వస్తున్నానండీ” అన్నట్టు తెర మీద ఏదో ఒకటి కదలాలి. తలుపు తట్టినవాడికి లోపలి నుంచి పలుకు వినబడాలి గదా!

ఆస్పెన్ ప్రయోగాన్ని ఆనాడు వింత అనుకున్నారు. గూగుల్‌వారు 2007లో అలాటి వీధుల బొమ్మలను ఇంటింటికీ అందించారు. 2022 నుంచి హైదరాబాదు వీధులనూ అలా ఇంట్లో కూచునే చుట్టి రావచ్చు.

కంటికొకటి, చెవికొకటి

ఇక బొమ్మ, మాట, అక్షరం - వీటి పాళ్ళు. పప్పులో ఉప్పు ఎంత అన్నంత ముఖ్యం ఇది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి ఈ పాళ్ళనే పరీక్షించారు. బొమ్మ కదులుతుండగా దానిని గురించి గొంతు చెబితే బాగా బోధపడుతుంది. కన్ను ఒక పని, చెవి ఒక పని పంచుకుంటాయి. ఐతే అదే మాటలను తెర కింద అక్షరాలుగా కూడా పెడితే లాభానికి బదులు నష్టం జరుగుతుందని ఆయన పరీక్షలలో తేలింది. కన్ను బొమ్మ చూడాలా, అక్షరం చదవాలా? రెండు పడవల మీద కాళ్ళవుతుంది. సభలలో తెర మీద వున్న వాక్యాలనే వక్త చదివి వినిపిస్తుంటే మనకు నిద్ర ఎందుకు వస్తుందో ఇప్పుడు తెలిసింది గదా! వినికిడి తక్కువైనవారికి మాత్రం ఆ అక్షరాలే ఆధారం. కాబట్టి అవి కావాలంటే వచ్చేట్టు ఒక మీట పెట్టడం న్యాయం.

మేయర్, చాండ్లర్ అనే మరొకరితో కలిసి 2001లో ప్రకటించిన ప్రయోగం ఒకటి నాకు ఎంతో ఇష్టం. మెరుపు ఎలా పుడుతుందో చెప్పే చిన్న కదిలే బొమ్మను తీసుకున్నారు. కొందరికి ఏకబిగిన చూపించారు. మరికొందరికి 16 ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క అయ్యాక “ఇక కానివ్వు” అని మీట నొక్కితేనే ముందుకు పోయేట్టు చేశారు. బొమ్మ అదే, మాటలు అవే. ఐనా తమ వేగంతో చూసినవారు తెలుసుకున్నదాన్ని కొత్త ప్రశ్నలకు అన్వయించడంలో ముందున్నారు. ఒక్క మీట! ముద్దకూ ముద్దకూ మధ్య మింగడానికి వ్యవధి ఇచ్చింది. అంతే.

మేయర్ చెప్పిన మరో మాట, సరదా కోసం చేర్చే సంబంధం లేని బొమ్మలు, సంగీతం చదువుకు అడ్డమే అని. ఇది వినడానికి కష్టంగా వుంటుంది. మనకు సీతాకోకచిలుకలు ఎగరెయ్యాలని వుంటుంది మరి!

ఐతే ఆటే పాఠంగా మారే చోట్లు కొన్ని వుంటాయి. పోచంపల్లి చీరలకు నూలును ఆసు పోయడం అని ఒక పని వుంది. అర్ధచంద్రాకారంలో నాటిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి ఆడాలి. ఇది చాలావరకు ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ పని. తల్లి లక్ష్మిగారి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశంగారు ఏళ్ళు కష్టపడి ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతిని వాక్యంలో రాస్తే పిల్లలు చదివి మరచిపోతారు. తెర మీద మేకులు గీసి, వేలితో దారం తిప్పమనండి. కింద ఒక లెక్క పడుతూ వుండాలి. ఇరవై సార్లకు సరదా తీరుతుంది. యాభై సార్లకు వేలు లాగుతుంది. అప్పుడు “ఇంకా కొన్ని వేలసార్లు వుంది” అని తెర చెప్పాలి. ఆ తరువాత యంత్రం బొమ్మ చూపాలి. ఆ పిల్ల ఇక ఏ చీరనూ ఇదివరకటి కళ్ళతో చూడదు. ఇంటరాక్టివ్ అన్న మాటకు ఇంతకు మించిన అర్థం నాకు తెలియదు.

తప్పు ఎవరిది?

ఆ మధ్య ఒక ప్రదర్శనశాలలో గోడకున్న పలక ముందు ఒక బామ్మగారు, మనవరాలు నుంచున్నారు. పలక మీద ఒక మూల మూడు అడ్డగీతలు, మరో మూల చిన్న బాణం. అవి మీటలని ఎక్కడా రాసి లేదు. బామ్మగారు చెయ్యి చాచి, మళ్ళీ ముడుచుకుని, “మనకు రాదులేవే, పాడైపోతుందేమో” అని పక్కకు తప్పుకున్నారు. నాకు చివుక్కుమంది. ఆవిడ ఇల్లు నడిపిన మనిషి. చదవడం వచ్చిన మనిషి. ఆవిడను అర నిమిషంలో చేతకానిదాన్ని చేసేసింది ఆ పలక.

వస్తువును చూస్తే దానిని ఎలా వాడాలో తెలియాలి, తెలియకపోతే తప్పు వాడేవాడిది కాదు, తయారుచేసినవాడిది అని డొనాల్డ్ నార్మన్ 1988లో ఒక పుస్తకమే రాశారు. మీట మీటలాగా కనబడాలి. గుర్తు పక్కన మాట వుండాలి. నొక్కగానే రంగు మారో, టక్కుమనో పలకాలి. మీట పెద్దదిగా, దగ్గరగా వుంటే వేలు త్వరగా అందుకుంటుందని పాల్ ఫిట్స్ 1954లోనే లెక్క కట్టి చూపారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్ళు కొందరికి వుంటాయి. అందుచేత రంగు ఒక్కటే గుర్తుగా పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తప్పు నొక్కినా కొంప మునగదన్న ధైర్యం ఇవ్వాలి. వెనక్కి పోయే దారి ఎప్పుడూ తెరిచే వుండాలి.

మన లిపికి మరో జాగ్రత్త వుంది. ఇంగ్లీషు అక్షరాల కోసం కొలిచిన జాగాలో తెలుగును ఇరికిస్తే పైన గుడులు, కింద వత్తులు ఒకదానికొకటి తగిలి కొట్టుకుంటాయి. వరసకూ వరసకూ మధ్య ఎడం ఎక్కువ ఇవ్వాలి. అక్షరం ఒక పిసరు పెద్దదిగా వుండాలి. తెలుగును బొమ్మగా అతికించకుండా యూనికోడ్ అక్షరాలుగానే వుంచాలి. అప్పుడే చూపులేనివారికి చదివి వినిపించే సాధనం దాన్ని పలకగలుగుతుంది.

తొమ్మిది వందల ఏళ్ళ పుస్తకం, పదహారేళ్ళ డిస్కు

ఇంగ్లండులో 1086లో రాజుగారు దేశంలోని భూములన్నీ లెక్క రాయించారు. దాన్ని డూమ్స్‌డే పుస్తకం అంటారు. దానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీవారు కొత్త డూమ్స్‌డే తయారుచేశారు. బడిపిల్లలతో సహా పదిలక్షల మందికి పైగా తమ ఊళ్ళ సంగతులు, బొమ్మలు పంపారు. వాటిని రెండు లేజర్ డిస్కుల మీద ఎక్కించారు. పటం మీద ఊరిని ఎంచుకుంటే దాని కథ వచ్చేది.

పదహారేళ్ళు తిరిగేసరికి ఆ డిస్కులు ఆడించే యంత్రాలు దొరకడం కష్టమైపోయింది. తోలు మీద సిరాతో రాసిన పాత పుస్తకం మాత్రం చక్కగా చదవడానికి వీలుగానే వుంది! 2002 ప్రాంతాన పరిశోధకులు శ్రమపడి డిస్కులలోని సమాచారాన్ని బయటికి తీశారు. ఈ మధ్యనే 2020 డిసెంబరు 31తో అడోబీవారు ఫ్లాష్ అనే సాధనానికి స్వస్తి చెప్పారు. దానితో చేసిన పాఠాలు, ఆటలు లెక్కలేనన్ని ఒక్కసారిగా మూగబోయాయి.

కనుక మీ పని ఎంత చిన్నదైనా సరే, మూల ఛాయాచిత్రాలు, గొంతు రికార్డులు, రాసిన మాటలు వేటికవి విడిగా, సాధారణంగా అంతటా తెరుచుకునే రూపంలో దాచండి. ఆ నేతగాడి గొంతు మళ్ళీ దొరకకపోవచ్చు. మొదట గడులు గీసుకున్న కాగితం కూడా పారెయ్యకండి. మళ్ళీ కట్టవలసివస్తే అదే నక్షా.

చేతులు కట్టుకుని కూచోండి

అన్నీ అయ్యాక చివరి పరీక్ష ఒకటి వుంది. ఖర్చు లేనిది. ఈ సంగతి ఏమీ తెలియని ఒకరిని పిలిచి తెర ముందు కూచోబెట్టండి. పక్కింటి తాతగారైతే మరీ మంచిది. “ముడి ఎందుకు కడతారో కనుక్కోండి తాతగారూ” అని ఒక పని చెప్పండి. ఆ తరువాత నోరు విప్పకండి. “అక్కడ కాదు, ఇక్కడ నొక్కండి” అనాలని నాలుక దురదపెడుతుంది. చేతులు కట్టుకుని ఓర్చుకోండి. ఆయన వేలు ఎక్కడ తడబడిందో, ఏ మీటను రెండుసార్లు నొక్కారో, ఎక్కడ కళ్ళజోడు సవరించుకున్నారో రాసుకోండి. ఐదుగురిని ఇలా చూస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని ఈ పనిలో పండినవారి అనుభవం.

తరువాత తాతగారికి కాఫీ ఇచ్చి పంపి, ఆ కాగితం ముందు పెట్టుకుని దిద్దుబాటు మొదలుపెట్టండి. మరునాడు మరొకరిని పిలవండి. మీ తెర ముందుకు వచ్చినవాడు ఎవరినీ ఏమీ అడగకుండా తనకు కావలసింది తెలుసుకుని లేచి వెళ్ళిననాడు మీ పని పూర్తి అయినట్టు.